సర్వలో జొన్నపిండి ఒత్తి చూస్తే

సర్వపిండి అన్న పేరులో పిండి ఉంది గానీ ఏ పిండో లేదు. ఉన్నదల్లా సర్వ, అంటే అడుగు గుండ్రంగా ఉండే పాత్ర. ఉత్తర తెలంగాణలో ఊరు మారితే ఇదే వంట గిన్నెపిండి, గంజుపిండి, తపాలచెక్క అవుతుంది. ఆ పేర్లూ పాత్రలవే. అది బియ్యప్పిండి అని వేరే చెప్పక్కర్లేదనుకున్నారు కాబోలు. ఆ చెప్పని మాటను మార్చి చూసినప్పుడే అసలు కథ మొదలవుతుంది.

ఇంట్లో ఒకరికి షుగర్ అని తేలి, డాక్టరు అన్నం తగ్గించమన్నాక ముందుగా తట్టే ఆలోచన బియ్యప్పిండి బదులు జొన్నపిండి. మిగతావన్నీ పాతవే: నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, సన్నగా తరిగిన ఉల్లి, పచ్చిమిర్చి, కరివేపాకు, ఉప్పు. చన్నీళ్లతో కలిపి సర్వకు ఒత్తబోతే అంచుల దగ్గర పిండి పగులుతుంది. ఇంకాసిని నీళ్లు పోస్తే జారుతుంది. ఎలాగో ఒత్తి కాలిస్తే అడుగు రాయిలా, పైన పొడిపొడిగా తయారై, అట్లకాడ పెట్టగానే నాలుగు ముక్కలై లేస్తుంది. తిన్నవాళ్లు మొహమాటానికి 'బాగనే ఉన్నది' అంటారు. రెండో ముక్క మాత్రం ఎవరూ అడగరు.

చాలామంది ఇక్కడే ఆగి మళ్లీ బియ్యప్పిండి డబ్బా అందుకుంటారు. తప్పేం లేదు, ఆకలి వేళ పరిశోధనలు చెయ్యమని ఎవరూ అడగరు. కానీ పాత వంట ఎన్నిసార్లు సరిగ్గా వచ్చినా అందులో ఏది ఏ పని చేస్తోందో తెలియదు. ఒక్కటి మార్చితే వంట చెడుతుంది, చెడినచోట ఆ వస్తువు అన్నాళ్లూ చేస్తున్న పని బయటపడుతుంది. 'అందాజగ వెయ్యి' అనే మాటలో దాక్కున్న తెలివంతా అలా ఒక్కొక్కటిగా చేతికొస్తుంది.

పగులు సంగతే చూద్దాం. బియ్యంలో గానీ జొన్నలో గానీ గోధుమలో ఉండే గ్లూటెన్ లేదు. పిండిని సాగదీసి పట్టుకునే జిగురు రెండింటికీ లేనట్టే. మరి బియ్యప్పిండి ఎందుకు నిలబడుతుంది? పిండిపదార్థం చిన్న చిన్న రేణువులుగా ఉంటుంది. చన్నీళ్లలో ఆ రేణువులు పెద్దగా ఉబ్బవు. నీళ్లతో పాటు 60 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి తగిలితే ఉబ్బి, పగిలి, జిగురుగా మారి పక్క రేణువును అంటుకుంటాయి. సర్వ మీద మూత పెట్టేది అందుకే. సర్వపిండిని తిరగేసి కాల్చరు కాబట్టి పైభాగం ఉడికే దారి మూత కింద చిక్కిన ఆవిరే. మెత్తగా పట్టించిన బియ్యప్పిండికి ఆ ఆవిరీ, పిండిలో ఉన్న తడీ సరిపోతాయి. ఆనిగెపుకాయ (సొరకాయ) తురిమి వేసేవాళ్లకైతే ఆ కాయ నీళ్లు కూడా తోడవుతాయి.

జొన్న అంత తేలిగ్గా లొంగదు. దాని రేణువులు ఉబ్బడానికి సాధారణంగా బియ్యం కంటే కాస్త ఎక్కువ వేడి కావాలి. పైగా వాటి చుట్టూ కాఫిరిన్ అనే మాంసకృత్తు ఉంటుంది. అది నీళ్లను దగ్గరికి రానివ్వదు, వేడి తగిలితే తనలో తాను ముడిపడి ఇంకా బిగుసుకుంటుంది. అందుకే సర్వలో జొన్నపిండి సగం ఉడికి, సగం ఎండి, మధ్యలో పగిలింది.

దీనికి మందు ఏ ప్రయోగశాలలోనూ వెతకాల్సిన పని లేదు, రొట్టెలు చేసే ఏ పెద్దమ్మను అడిగినా చెబుతుంది: ఉడుకు నీళ్లు. జొన్నరొట్టెకు మసలే నీళ్లు పోసి, కాసేపు ఉంచి, చెయ్యి ఓర్చుకోగలిగినప్పుడు పిసుకుతారు. పిండిలో కొంత భాగం అక్కడే ఉబ్బి జిగురవుతుంది, మిగతా పిండిని అది పట్టుకుంటుంది. ఇదే పనిని సర్వపిండికి చేస్తే పగులు చాలావరకు తగ్గుతుంది. రొట్టె ఒక వంట, సర్వపిండి ఒక వంట అని విడివిడిగా నేర్చుకున్నన్నాళ్లూ ఒకదాని కిటుకు ఇంకోదానికి పోలేదు.

ఒక మెలిక కూడా ఉంది. పిండిని పగలగొట్టిన ఆ మొండితనమే జొన్న నిదానంగా అరగడానికి కొంత కారణం. ఉడుకు నీళ్లు పోసి బాగా ఉడికించినకొద్దీ రొట్టె మెత్తబడుతుంది, పిండిపదార్థం అరగడమూ సులువవుతుంది. షుగర్ కోసమే జొన్నకు మారినవాళ్లు ఈ బేరం తెలుసుకుని, ఎన్ని ముక్కలు తింటున్నామో లెక్క పెట్టుకోవడం మంచిది. జొన్న కదా అని నాలుగు ఎక్కువ లాగిస్తే మార్చిన ఫలితం మిగలదు.

పిండి దారికొచ్చాక పాత్ర పేచీ పెడుతుంది. పాత సర్వ ఇత్తడిది. ఇప్పుడు ఇంట్లో ఉన్నది స్టీలు గిన్నె. స్టీలు వేడిని పక్కలకు పంచడంలో మహా పిసినారి, అల్యూమినియంతో పోలిస్తే పదో వంతు కూడా పంచదు. మంట తగిలినచోట మాడి, అంచులు పచ్చిగా ఉండటం పిండి తప్పు కాదు. మందపాటి అల్యూమినియం గిన్నెలో గానీ ఇనుప మూకుడులో గానీ ఆ తేడా తగ్గుతుంది. వేలితో పెట్టే బొక్కల పని కూడా ఇక్కడే తెలుస్తుంది. అవి లేకుండా ఒకసారి చేసి చూస్తే అడుగున చిక్కిన ఆవిరి పిండిని పైకి లేపుతుంది, నూనె కింది దాకా దిగదు, ఎర్రగా కాలాల్సిన అడుగు తెల్లగా ఉండిపోతుంది. అడుగులో తడి ఉన్నంతసేపూ అక్కడి వేడి 100 డిగ్రీలు దాటదు. ఎర్రబడటానికి దాదాపు 140 కావాలి. ఆ ఎర్రదనం వెనకున్న రసాయన చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ వివరించాడు, ఇప్పటికీ అది ఆయన పేరుతోనే చలామణి అవుతోంది. ఉత్తర తెలంగాణ వంటింట్లో దానికి కొలమానం చెవి. చుయ్ మనే చప్పుడు తగ్గిందంటే తడి అయిపోయిందని, ఇక ఎర్రబడుతుందని లెక్క.

రెండో సర్వపిండికి ముందు పాత్రను బోర్లించి చన్నీళ్లు పోసి చల్లార్చడం, లేదా రెండు గిన్నెలు మార్చి మార్చి వాడటం కూడా అలాంటిదే. వేడి గిన్నెకు పిండి ఒత్తితే తాకగానే ఉడికి ఉండ కడుతుంది, పలచగా పరచుకోదు. చెయ్యి కాలుతుందనేది రెండో కారణం.

ఇవన్నీ వంటింటి లోపలి సంగతులు. ఒక్క మార్పు వంటిల్లు దాటి ఎంత దూరం పోగలదో చెప్పాలంటే జావా దీవికి వెళ్లాలి. 19వ శతాబ్దం చివర, బటావియాలో, అంటే నేటి జకార్తాలో, డచ్చి వైద్యుడు ఐక్‌మాన్ బెరిబెరి జబ్బుకు కారణమైన క్రిమి కోసం వెతుకుతున్నాడు. ప్రయోగశాల కోళ్లకు ఉన్నట్టుండి కాళ్లు చచ్చుబడ్డాయి, బెరిబెరి మనుషుల్లాగే. కొన్ని నెలల తర్వాత చూస్తుండగానే కోలుకున్నాయి. మందేమీ వెయ్యలేదు. ఆరా తీస్తే మారింది వంటవాడు. మునుపటివాడు సైనిక ఆసుపత్రిలో మిగిలిన తెల్లబియ్యం అన్నం కోళ్లకు వేసేవాడు. కొత్తగా వచ్చినవాడు సైన్యం బియ్యం సైన్యానికి చెందని కోళ్లకు వెయ్యనన్నాడు. దాంతో కోళ్లకు పైపొర తియ్యని ముతక బియ్యం దక్కింది. ఒక వంటవాడి రూల్సు పట్టింపు విటమిన్ల శాస్త్రానికి తలుపు తీసింది.

ఐక్‌మాన్ తెల్లబియ్యంలో ఏదో విషం ఉందనుకున్నాడు. ఉన్నది విషం కాదని, తవుడుతో పాటు పోయిన పదార్థమేదో లోటు పడిందని ఆయన తర్వాత పని చేసిన గ్రైన్స్ 1901లో తేల్చాడు. ఆ పదార్థాన్ని 1926లో తవుడు నుంచే విడదీశారు. అదే విటమిన్ బి1. ఐక్‌మాన్‌కు 1929లో నోబెల్ వచ్చింది.

ఈ కథకు హైదరాబాదులో ఒక చిరునామా ఉంది. 1918లో బ్రిటిష్ వైద్యుడు మెక్‌కారిసన్ తమిళనాడులోని కూనూరులో ఒకే ఒక్క గదిలో బెరిబెరి విచారణ విభాగం మొదలుపెట్టాడు. అదే పెరిగి 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా తార్నాకలో ఉంది. బియ్యం జబ్బు కోసం పుట్టిన సంస్థ దక్కన్‌కు వచ్చేసరికి దాని ముందు నిలిచింది జొన్న జబ్బు. జొన్నే ప్రధాన ఆహారమైన పేదల్లో పెల్లాగ్రా కనిపించేది. ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పొలుసులు లేవడం, విరేచనాలు, మతి చలించడం దాని గుర్తులు. నయాసిన్ అనే బి విటమిన్ లోటు వల్ల వస్తుంది. ఆ సంస్థకు చెందిన గోపాలన్, శ్రీకాంతియా 1960లో ఒక వాదం ముందుకు తెచ్చారు: జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, శరీరం ట్రిప్టోఫాన్ అనే ఇంకో అమైనో ఆమ్లం నుంచి నయాసిన్ తయారు చేసుకునే పనికి అది అడ్డం పడుతోంది. తర్వాతి ప్రయోగాలన్నీ ఈ వాదాన్ని ఒకేలా బలపరచలేదు, చర్చ సాగింది. కంచంలో జొన్న పక్కన ఏముందన్న ప్రశ్న మాత్రం అందరికీ మిగిలింది.

ఆ ప్రశ్నకు మక్కల, అంటే మొక్కజొన్నల, చరిత్రలో ఇంకా సూటి జవాబు దొరుకుతుంది. మెక్సికో ప్రాంతం జనం వేల ఏళ్లుగా మక్కలను సున్నపు నీళ్లలో ఉడికించి, కడిగి, రుబ్బుకుని తింటున్నారు. గింజలో బంధించి ఉన్న నయాసిన్ ఆ సున్నంతో విడుదలవుతుంది. యూరపు వాళ్లు గింజను ఓడలెక్కించుకున్నారు గానీ సున్నపు నీళ్లను అక్కడే వదిలేశారు. వంట చాదస్తమనుకున్నారో, అసలు అడగనే లేదో. మక్కలే తిని బతికే పేదల్లో పెల్లాగ్రా మొదలైంది. 1735లో స్పెయిన్ వైద్యుడు కసాల్ దాన్ని మొదట వర్ణించాడు, ఇటలీ పల్లెలు శతాబ్దానికి పైగా దాంతో బాధపడ్డాయి, 20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోనూ విజృంభించింది. 1914 నుంచి అక్కడ పని చేసిన వైద్యుడు గోల్డ్‌బెర్గర్, ఇది అంటుజబ్బు కాదు, తిండి లోటని చూపించాడు. గింజతో పాటు వంట కూడా ప్రయాణం చేసి ఉంటే ఆ బాధలో చాలా భాగం తప్పేది.

మక్కలు మన దగ్గరికీ సున్నం లేకుండానే వచ్చాయి. వరంగల్, కరీంనగర్ పల్లెల్లో మక్క గటక, జొన్న గటక (సంకటి లాంటివి) నిన్న మొన్నటి దాకా రోజూ ఉండే తిండి. గటక పక్కన మజ్జిగ, పప్పు, తోటకూర ఉన్న ఇంటికి ట్రిప్టోఫాన్, నయాసిన్ వాటినుంచి అందేవి. పచ్చిమిరపకాయ, ఉల్లిగడ్డతో సరిపెట్టుకున్న కూలి ఇంటికి అందేవి కావు. ఒకే గటక, రెండు ఇళ్లు. చిరుధాన్యాల గొప్ప గురించి ఈ రోజుల్లో వినిపించే మాటల్లో ఈ ముక్క ఎక్కడా వినిపించదు. పాత తిండి మంచిదనేవాళ్లు ఎవరింటి పాత తిండి అన్నది కూడా చెప్పాలి.

జొన్నను కంచంలోంచి పక్కకు జరిపింది ప్రధానంగా బియ్యం. పాకాల, రామప్ప, లక్నవరం లాంటి కాకతీయుల చెరువుల కింద వరి ఎప్పటినుంచో ఉన్నా, మెట్ట ఊళ్లకు వరన్నం పండుగ తిండే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక, బావులూ బోర్లూ పెరిగాక కథ తిరగబడింది. పండుగ తిండి రోజువారీ అయింది, రోజువారీ జొన్న ఇప్పుడు షుగర్ తిండిగా ఎక్కువ ధరకు వెనక్కి వస్తోంది. పెల్లాగ్రా అరుదైపోయింది.

ఇదే సర్వపిండిని కాకతీయుల కాలానికి తీసుకెళ్లి చూడటం సరదాగా ఉంటుంది. 1323లో ఓరుగల్లు పడిపోయే నాటికి అమెరికా ఖండాల గింజలేవీ ఇటు రాలేదు. అంటే పల్లీలు లేవు, పచ్చిమిర్చి లేదు, ఎండుమిర్చీ లేదు. కారానికి మిరియాలే దిక్కు, మిరపకాయ పేరులో ఆ మిరియం ఇప్పటికీ ఉంది. నువ్వులు మాత్రం ఈ నేల మొక్క. ఇక స్వదేశీ అనుకునే జొన్న ఆఫ్రికా నుంచి వచ్చింది, కాకపోతే మూడు నాలుగు వేల ఏళ్ల కిందట వచ్చింది కాబట్టి ఎవరూ అడగరు. మిరియాలు దంచి, పల్లీలు మాని ఒకసారి సర్వపిండి చేస్తే తేడా నాలుకకే తెలుస్తుంది. మిరియం ఘాటు గొంతులో, మిరప మంట నోరంతా. నమలడానికి ఏదో వెలితి.

కారం విషయంలో వరంగల్‌కు ఇంకో పాఠం ఇంట్లోనే ఉంది. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన చపాట మిర్చి టమాటాలా గుండ్రంగా, ముదురు ఎరుపులో ఉంటుంది, కారం తక్కువ. దాని పొడి వేసినవాళ్లు రంగు చూసి చెయ్యి వెనక్కి తీస్తారు, తిన్నాక ఇంకాస్త వెయ్యాల్సిందంటారు. ఎరుపునిచ్చేది ఒక పదార్థం, మంటనిచ్చేది వేరే పదార్థం. ఎర్రగా ఉంటే ఘాటనే లెక్క చపాట దగ్గర చెల్లదు.

మళ్లీ బియ్యానికి వద్దాం, అసలు చిక్కంతా అక్కడే ఉంది. సర్వపిండిని ఉప్పుడు బియ్యం పిండితో చేసి చూసినవాళ్లు ఉత్తర తెలంగాణలో తక్కువే. చేస్తే మొదట కనిపించేది, పిండి నీళ్లు ఎక్కువ తాగడం. కారణం ఇందాకటి ఉడుకు నీళ్లే. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఎండబెట్టి అప్పుడు మర పడితే ఉప్పుడు బియ్యం అవుతుంది. పిండిపదార్థం గింజలోనే ఒకసారి ఉబ్బి గట్టిపడి ఉంటుంది. రొట్టె కోసం తట్టలో చేసే పనే మిల్లులో టన్నుల లెక్కన జరుగుతుందన్నమాట. ఆ క్రమంలోనే బి1లో కొంత తవుడు నుంచి గింజ లోపలికి దిగుతుంది, మర పట్టినా పూర్తిగా పోదు. తెల్లబియ్యం తినేవాళ్లకు బెరిబెరి వచ్చినచోట ఉప్పుడు బియ్యం తినేవాళ్లు చాలావరకు తప్పించుకున్నారంటే అదే కారణం.

యాసంగి (రబీ) వడ్లు ఎండలకు లోపలే చీలుతాయి. వాటిని నేరుగా మర పడితే నూక ఎక్కువ రాలుతుంది. క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం ఇవ్వాలన్న లెక్క మిల్లరుకు కుదరదు. ఆవిరి పడితే ఆ చీలికలు అతుక్కుంటాయి. అందుకే ఇక్కడి యాసంగి పంట ఏళ్ల తరబడి ఉప్పుడు బియ్యమై ఎక్కువగా కేరళ, తమిళనాడు కంచాలకు పోయింది. 2021–22లో ఆ బియ్యం కొనేది లేదని కేంద్రం, కొనాల్సిందేనని రాష్ట్రం తలపడినప్పుడు పత్రికలు లెక్కలు రాశాయి, నాయకులు ధర్నాలు చేశారు. పండించిన ఊళ్లలో దాన్ని ఎందుకు తినరన్న మాట పెద్దగా చర్చకు రాలేదు. వాసన, రంగు, అన్నం బిరుసు అని కొట్టిపారేస్తారు. అన్నంగా నచ్చకపోవచ్చు. మిర్చి, ఉల్లి, నువ్వులు పడ్డ సర్వపిండిలో ఆ వాసన ఎంత తెలుస్తుందో చేసి చూడటానికి ఒక గిన్నెడు పిండి చాలు.

రేషన్ బియ్యంతో పిండి పట్టించుకునేవాళ్లకు ఇంకో అనుభవం ఎదురై ఉంటుంది. గిర్నికి పంపే ముందు నానబెడితే కొన్ని గింజలు తేలుతాయి. రంగు కూడా కాస్త తేడా. ప్లాస్టిక్ బియ్యమన్న పుకారు వాటివల్ల కూడా తిరిగింది. అవి బలవర్ధక గింజలు: బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి మళ్లీ గింజ ఆకారంలో ఒత్తి, నూరు గింజలకు ఒకటి చొప్పున కలిపారు. 2024 మార్చి నాటికి దేశమంతటా రేషన్‌లో అదే బియ్యం ఇచ్చారు. ఒత్తిన గింజ మామూలు గింజంత దట్టంగా ఉండకపోవచ్చు, అందుకే కొన్ని తేలతాయి. అనుమానమున్నవాళ్లు వాటిని ఏరి విడిగా ఉడికిస్తే సరి, అన్నంలాగే మెత్తబడతాయి.

బలవర్ధక గింజల్లో తప్పనిసరిగా కలపాల్సిన వాటి జాబితాలో ఆ మూడే ఉన్నాయి. కోళ్ల కాళ్లు నిలబెట్టిన బి1 అందులో లేదు, ఇష్టమైతే కలపొచ్చన్న రెండో జాబితాలో ఉంది. అది నీళ్లలో కరిగే విటమిన్, గింజలో మిగిలిన కాస్తా నానబెట్టిన నీళ్లతో కుడితిలోకి, కుడితి బర్రె దగ్గరికి పోతుంది. తవుడు మిల్లు నుంచి నూనె ఫ్యాక్టరీకి వెళ్లి, తవుడు నూనె ప్యాకెట్టుగా మళ్లీ వంటింటికి వస్తుంది. సర్వపిండి బొక్కల్లో, చుట్టూ పోసేది కొన్ని ఇళ్లలో ఇప్పుడు ఆ నూనే. తవుడు అలా సర్వలోకి తిరిగి చేరింది, బి1 మాత్రం నూనెలోకి రాదు.